మీ ప్రశ్న, మా జవాబు: చీకటి గదిలో లెక్కపెట్టిన మెరుపులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పరమాణు నిర్మాణం మీదే. పరీక్షల కాలం కదా! ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం.

బంగారు రేకు ప్రయోగం ఒక పుస్తకంలో 1909 అని, ఒక గైడ్‌లో 1911 అని, ఇంకోచోట 1913 అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?
– ఇంటర్ విద్యార్థి, గుంటూరు

మూడూ సరైనవే. కాకపోతే మూడూ వేర్వేరు పనులు.

1909లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో హాన్స్ గైగర్, ఎర్నెస్ట్ మార్స్‌డెన్ ఒక వింత గమనించారు. లోహం మీద పడ్డ ఆల్ఫా కణాల్లో (రేడియం లాంటి పదార్థాలు వెదజల్లే ధనావేశపు కణాలు) కొన్ని వచ్చిన వైపుకే తిరిగొస్తున్నాయి. ప్లాటినం మీద అయితే దాదాపు 8,000కి ఒకటి. మార్స్‌డెన్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. వాళ్ల ప్రొఫెసర్ రూథర్‌ఫర్డ్ దీనికి అర్థం తేల్చి 1911 మార్చి 7న ఊళ్లోని పండిత సంఘంలో చదివాడు, మే నెలలో పూర్తి వ్యాసం అచ్చయింది. ఆ వ్యాసంలోని సూత్రం నిలుస్తుందో లేదో గైగర్, మార్స్‌డెన్ మళ్లీ కూర్చుని పరీక్షించి 1913లో ఫలితాలు ప్రకటించారు. రూథర్‌ఫర్డ్ పరమాణు నమూనా ఎప్పుడు ప్రతిపాదించారని అడిగితే 1911 రాయండి.

కణం వెనక్కి రావడం చూడగానే కేంద్రకం ఉందని తెలిసిపోయినట్టు చాలామంది చెబుతారు. టిష్యూ కాగితం మీద పేల్చిన పదిహేను అంగుళాల ఫిరంగి గుండు తిరిగొచ్చి మనకే తగిలినట్టుందన్న రూథర్‌ఫర్డ్ మాట కూడా జోడిస్తారు. ఆ మాట ఆయన చాలా ఏళ్ల తర్వాత అన్నది. 1909లో తేలాల్సిన సందేహం ఒకటుంది. రేకులో వెయ్యికి పైగా పొరల పరమాణువులుంటాయి. ఒక్కో పరమాణువు కొంచెం కొంచెం తోస్తే, ఆ చిన్న తోపులన్నీ కలిసి కణాన్ని వెనక్కి తిప్పెయ్యొచ్చు కదా?

లెక్క వేద్దాం. రేకు మందం 0.00004 సెం.మీ., అంటే సుమారు 1,600 పొరలు. ఈ రేకు దాటాక ఆల్ఫా కణం మామూలుగా వంగే కోణం 0.87° అని గైగర్ కొలిచాడు. చిన్న తోపులు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఉంటాయి కాబట్టి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అన్నీ ఒకే వైపు పడి 90° అయ్యే అవకాశం ఎంతంటే, ఒకటి పక్కన రెండువేలకు పైగా సున్నాలు పెట్టినన్ని కణాల్లో ఒకటి. ప్రయోగంలో కనిపించింది 20,000కి ఒకటి! ఇంత తేడా ఉన్నప్పుడు సూత్రాన్ని సవరిస్తే సరిపోదు, పరమాణువు బొమ్మనే మార్చాలి. పెద్ద మలుపు ఒకే ఒక్క పరమాణువు దగ్గర, ఒకే దెబ్బకి జరిగి తీరాలి. అంటే దాని ఆవేశం, బరువు ఇరుకైన చోట పోగుపడి ఉండాలి. వాదానికి అసలు బలం ఇక్కడుంది.

1911 వ్యాసంలో 'కేంద్రకం' అన్న మాటే లేదు, 'కేంద్ర ఆవేశం' అనే ఉంది. అది ధనమో ఋణమో కూడా ఆయన తేల్చలేదు. సూత్రంలో ఆవేశం వర్గం వస్తుంది కాబట్టి ఏదైనా జవాబు ఒకటే.

బంగారమే ఎందుకు? ఖరీదు తక్కువని అల్యూమినియం వాడకూడదా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, సిద్దిపేట

వాడారు. 1909లోనే సీసం, బంగారం, ప్లాటినం, తగరం, వెండి, రాగి, ఇనుము, అల్యూమినియం అన్నీ పెట్టి చూశారు. ఒకే ఏర్పాటులో బంగారం నిమిషానికి 67 కణాలు వెనక్కి పంపితే, వెండి 27, ఇనుము 10, అల్యూమినియం మూడున్నర కూడా పంపలేదు. కేంద్రకంలో ఆవేశం ఎంత ఎక్కువైతే తోపు అంత గట్టిది. బంగారానికి 79, అల్యూమినియానికి 13.

ఇంకో కారణం, బంగారాన్ని సుత్తితో కొట్టి ఎంత పల్చగానైనా సాగదీయొచ్చు. తుప్పు పట్టదు. మిఠాయి మీద అతికించే వెండి రేకు చూశారుగా, ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. బంగారాన్ని అంతకన్నా పల్చగా కొట్టొచ్చు. రేకు మందమైతే కణాలు లోపలే వేగం తగ్గి ఆగిపోతాయి, పైగా ఒకే కణం రెండు మూడు కేంద్రకాల దగ్గర మలుపు తిరిగితే లెక్క కలగాపులగమవుతుంది.

ఆ వెండి రేకుతో పని జరుగుతుందా అంటే, జరుగుతుంది. ఘన సెంటీమీటర్‌లో పరమాణువుల సంఖ్య వెండికీ బంగారానికీ దాదాపు ఒకటే. ఆవేశాల వర్గాల నిష్పత్తి 47 × 47కి 79 × 79, అంటే మూడో వంతు చిల్లర. అదే మందంలో వెనక్కొచ్చే కణాలు ఆ వంతుకి తగ్గుతాయి. అయితే ఆల్ఫా కణాల కోసం పొగ పసిగట్టే అలారం విప్పాలని మాత్రం అనుకోకండి. కొన్నింట్లో ఆల్ఫా కణాలు వెదజల్లే అమెరీషియం అనే మూలకం ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి వెళితే మళ్లీ బయటికి తీయడం కష్టం.

పుస్తకంలో రేకు చుట్టూ గుండ్రంగా తెర ఉంది. అన్ని వైపులా ఒకేసారి ఎలా చూశారు?
– పదో తరగతి విద్యార్థి, తెనాలి

చూడలేదు. ఆ గుండ్రటి తెర పుస్తకాల బొమ్మల్లోనే ఉంటుంది.

1913 పరికరం ఇలా ఉండేది. గాలి తీసేసిన గట్టి లోహపు డబ్బా. మధ్యలో రేకు, దానికి ఎదురుగా రేడియం నుంచి వెలువడే రేడాన్ వాయువు నింపిన చిన్న గాజు గొట్టం. ఈ రెండూ కదలవు. డబ్బా గోడకి ఒక మైక్రోస్కోప్ బిగించి ఉంటుంది, దాని ముందు కొసకి జింక్ సల్ఫైడ్ పూసిన బుల్లి తెర అతికించి ఉంటుంది. డిగ్రీలు గీసిన పళ్లెం మీద డబ్బా తిరుగుతుంటే మైక్రోస్కోప్ కూడా దానితో పాటే రేకు చుట్టూ తిరుగుతుంది. ఒక కోణంలో లెక్కపెట్టడం, తిప్పడం, మళ్లీ లెక్కపెట్టడం. అంతే.

కణం తెరకి తగిలినప్పుడల్లా చిన్న మెరుపు మెరుస్తుంది. అది కనిపించాలంటే ముందు అరగంట చీకట్లో కూర్చుని కళ్లు అలవాటు చేసుకోవాలి. నిమిషానికి 90 దాటితే చూపు అందుకోలేదు. 5 కన్నా తగ్గితే నమ్మదగిన సంఖ్య రావడానికి గంటలు పడుతుంది. ఇక్కడే అసలు చిక్కు: 15° దగ్గర పడే కణాలు 150° దగ్గర పడేవాటికి నాలుగు వేల రెట్లు. ఒకే గొట్టంతో రెండూ ఎలా లెక్కపెడతారు? రేడాన్ 3.8 రోజులకి సగమైపోతుంది. అందుకని గొట్టం కొత్తగా, బలంగా ఉన్నప్పుడు పెద్ద కోణాలు చూశారు, రోజులు గడిచి బలం తగ్గుతుంటే చిన్న కోణాలకి వచ్చారు. తర్వాత అన్నిటినీ ఒకే బలానికి సరిచేసి రాశారు. ఇలా లక్షకు పైగా మెరుపులు లెక్కపెట్టారు.

రూథర్‌ఫర్డ్ సూత్రం ప్రకారం కణాల సంఖ్య, వంగిన కోణంలో సగానికి సైన్ విలువ తీసి, దాని నాలుగో ఘాతం కట్టి, ఒకటిని దానితో భాగిస్తే వచ్చే విలువను బట్టి మారాలి. 60°కి ఆ విలువ 16. 120°కి 1.78. నిష్పత్తి 9. బంగారం పట్టికలో 60° దగ్గర 477, 120° దగ్గర 51.9. భాగించి చూడండి, 9.2 వస్తుంది. కొసల దగ్గర ఇంత చక్కగా కలవలేదన్నది కూడా చెప్పాలి. 15°, 150° మధ్య సూత్రం 3,000 రెట్లు అంటే కొలత 4,000 రెట్లు చూపింది. కంటితో లెక్కపెట్టిన సంఖ్యలు వేల రెట్లు మారుతున్నచోట ఈ తేడాని మేమైతే క్షమిస్తాం.

కేంద్రకం సైజు ఎలా కనుక్కున్నారు? కొలబద్ద ఏది?
– బి.యస్సీ. విద్యార్థిని, విజయనగరం

కొలబద్ద ఆల్ఫా కణం శక్తే. సూటిగా కేంద్రకం వైపు వెళ్లే కణం వికర్షణ వల్ల నెమ్మదిస్తూ, ఒకచోట క్షణం ఆగి, వెనక్కి మళ్లుతుంది. ఆగినచోట దాని గతిశక్తి మొత్తం విద్యుత్ స్థితిజశక్తిగా మారి ఉంటుంది.

శక్తిని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో, దూరాన్ని ఫెర్మీల్లో (ఒక ఫెర్మీ 10⁻¹⁵ మీటర్) తీసుకుంటే లెక్క సులువు. 1.44ని రెండు ఆవేశాలతో గుణించి శక్తితో భాగించాలి. ఆల్ఫాకి 2, బంగారానికి 79, శక్తి 7.7 అనుకోండి. 1.44 × 2 × 79 = 227.5. దాన్ని 7.7తో భాగిస్తే 29.5 ఫెర్మీలు. బంగారు పరమాణువు వ్యాసార్థం దాదాపు 1,44,000 ఫెర్మీలు.

ఇక్కడ పిల్లలు తరచూ చేసే తప్పు, 29.5ని కేంద్రకం వ్యాసార్థం అని రాసెయ్యడం. అది కణం ఎంత దగ్గరికి పోగలిగిందో చెప్పే దూరం మాత్రమే. అంత దగ్గరికి వెళ్లినా సూత్రం చెడలేదు కాబట్టి కేంద్రకం అంతకన్నా చిన్నదని తెలుస్తుంది. అసలు వ్యాసార్థం 7 ఫెర్మీలని తర్వాత తేలింది. పరమాణువు కేంద్రకానికి లక్ష రెట్లు అని కంఠస్థం చేసినవాళ్లు కూడా గమనించండి, బంగారానికి అది ఇరవై వేల రెట్లే.

79 అన్న సంఖ్య 1911లో ఎవరికీ తెలియదు, రూథర్‌ఫర్డ్ వంద అనుకుని లెక్కేశాడు. మోజ్లీ 1913, 14ల్లో ఎక్స్ కిరణాలతో మూలకాలకి వరుస సంఖ్యలు ఖాయం చేశాడు. 1920లో చాడ్విక్ ఆల్ఫా పరిక్షేపణతోనే (కణాలు చెదిరే తీరుతోనే) నేరుగా ఆవేశాలు కొలిస్తే రాగికి 29.3, వెండికి 46.3, ప్లాటినానికి 77.4 వచ్చాయి. అసలువి 29, 47, 78.

దీన్ని బడిలో చేసి చూపించే దారి ఉందా?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, ఆదిలాబాద్

ఉందండీ, గోళీలతో. 60 సెం.మీ. వెడల్పు నున్నటి బల్ల కావాలి. క్యారమ్స్ కాయిన్లు రెండేసి ఒకదానిమీద ఒకటి అంటించి ఆరు జతలు చేయండి. ఒక్క కాయినే పెడితే గోళీ దానిమీంచి ఎగిరి దూకే అవకాశముంది. జతలని రెండు వైపులా అంటుకునే టేపుతో బల్లకి గట్టిగా బిగించండి. ముందూ వెనకా ఎలా చెదిరినా, ఎదురుగా చూస్తే ఒకటి ఇంకొకదాని చాటున పడకూడదు. అంచుకి 3 సెం.మీ. ఇవతలే ఉండాలి. పైన అట్ట కప్పి పిల్లలకి కనబడకుండా చేయండి, కింద గోళీ దూరేంత సందు ఉంచండి.

ముందు అంచు మీద సెంటీమీటర్‌కో గుర్తు పెట్టి, 60 చీటీలు రాసి గిన్నెలో వేయండి. తీసిన చీటీ దగ్గర్నుంచే గోళీ వదలాలి. చీటీ మళ్లీ గిన్నెలోకి. ఇది విసుగే, కానీ చీటీలు లేకపోతే పిల్లలు తెలియకుండానే మధ్యకి గురిపెడతారు, తగిలినవి ఎక్కువగా వస్తాయి. చేత్తో విసరొద్దు, గాడి ఉన్న చిన్న వాలు పలక మీంచి జారవిడిస్తే తిన్నగా పోతుంది. 300 సార్లు వదిలి, తగిలిన చప్పుడు వినబడినవి రాసుకోండి. పక్క నుంచి ఒరుసుకుపోయే గోళీలు అంతగా చప్పుడు చేయవు. ఒకరు చెవిపెట్టి వింటుంటే, ఇంకొకరు అవతలి వైపు నిలబడి దారి మారిందేమో చూడాలి.

300లో 144 తగిలాయనుకుందాం. 144ని 300తో భాగిస్తే 0.48. దాన్ని 60తో గుణించి 6తో భాగిస్తే 4.8 సెం.మీ. ఇది కాయిన్ వ్యాసం కాదు! గోళీకీ వెడల్పుంది. గోళీ మధ్యభాగం కాయిన్ అంచుకి ఇంకా దూరంగా ఉండగానే అంచులు తగులుతాయి. గోళీ వ్యాసం 1.6 తీసేస్తే 3.2 సెం.మీ. ఇప్పుడు అట్ట ఎత్తి స్కేలుతో కొలవండి. 300 సార్లకి 0.3 సెం.మీ. వరకు అటూ ఇటూ రావడం మామూలే. పొరపాటుని సగానికి తగ్గించాలంటే 1,200 సార్లు వదలాలి. మాంచెస్టర్ వాళ్లకి లక్ష మెరుపులు ఎందుకు కావాల్సి వచ్చాయో పిల్లలకి ఆ రోజు వేరే చెప్పక్కర్లేదు.

ఒక తేడా మాత్రం చెప్పండి. గోళీ కాయిన్‌ని తాకుతుంది, ఆల్ఫా కణం కేంద్రకాన్ని తాకకుండానే మలుపు తిరుగుతుంది.

థామ్సన్ నమూనాకి పుచ్చకాయ పోలిక సరైనదేనా?
– పాఠకురాలు, హైదరాబాద్

సగమే. గుజ్జు ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు అన్నది ఆ పోలిక. గింజలు ఎక్కడపడితే అక్కడ ఉన్నట్టు బొమ్మ గీస్తారు. 1904లో థామ్సన్ చెప్పింది ధనావేశపు గోళంలో ఎలక్ట్రాన్లు వలయాలుగా అమరి తిరుగుతుంటాయని. వలయానికి ఎన్ని ఉంటే నిలకడగా ఉంటాయో శ్రమపడి లెక్క కట్టాడు, మూలకాల ఆవర్తన గుణాలు దాన్నుంచి రాబట్టాలని చూశాడు. ఎర్రటి గుజ్జు పోలిక కూడా దారి తప్పిస్తుంది. మొదట్లో ఆయన దృష్టిలో బరువంతా గింజలదే, అందుకే పరమాణువుకి వేల ఎలక్ట్రాన్లు కావాల్సి వచ్చాయి. 1906లో ఆయనే ఆ సంఖ్యని పరమాణు భారం దరిదాపుల్లోకి దించేశాడు. బరువు ధనావేశం వైపుకి జరిగింది అప్పుడే.

కేథోడ్ కిరణాలు విద్యుత్ క్షేత్రంలో వంగవని హెర్ట్జ్ అన్నాడట. అంత నేర్పరి ఎలా పొరబడ్డాడు?
– పాలిటెక్నిక్ అధ్యాపకుడు, కాకినాడ

గొట్టంలో మిగిలిన గాలి వల్ల. కేథోడ్ కిరణాలంటే గాలి తీసేసిన గొట్టంలో ఋణ పలక నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల ధార. 1883లో హెర్ట్జ్ వాడిన గొట్టంలో శూన్యం సరిపోలేదు. కిరణాలు ఆ గాలిని అయాన్లుగా విడగొడతాయి. ధన అయాన్లు ఋణ పలక దగ్గరికి, ఋణమైనవి ధన పలక దగ్గరికి చేరి, పలకల మధ్య క్షేత్రాన్ని దాదాపు చంపేస్తాయి. కిరణం తిన్నగా పోతుంది, చూసినవాడికి ఆవేశం లేదనిపిస్తుంది.

1897లో కేంబ్రిడ్జ్‌లో జె.జె. థామ్సన్‌కి కూడా మొదట వంగలేదు. ఆయన గాలిని ఇంకా తోడించాడు. ఆయన అల్యూమినియం పలకలు 5 సెం.మీ. పొడవు, మధ్య ఎడం 1.5 సెం.మీ. శూన్యం బాగా కుదిరాక రెండు వోల్టులకే కిరణం వంగింది. టార్చిలైట్‌లో వేసే రెండు సెల్స్ చాలన్నమాట!

తిరిగే ఎలక్ట్రాన్ శక్తి కోల్పోయి కేంద్రకంలో పడాలి కదా?
– ఇంటర్ విద్యార్థిని, నెల్లూరు

పాత సూత్రాల ప్రకారం సెకనులో పదివేల కోట్ల వంతు సమయంలోనే పడిపోవాలి. పడటం లేదు కాబట్టి ఆ సూత్రాలు అక్కడ చెల్లవని 1913లో నీల్స్ బోర్ తేల్చేశాడు: కొన్ని కక్ష్యలే ఉంటాయి, వాటిలో ఉన్నంతసేపు వికిరణం ఉండదు. ఎందుకుండదో ఆయన చెప్పలేదు. కానీ లెక్క కలిసింది. హైడ్రోజన్‌లో మూడో కక్ష్య నుంచి రెండోదానికి దూకితే 13.6 × (1/4 − 1/9) = 1.89 ఎలక్ట్రాన్ వోల్టులు. 1,240ని దానితో భాగిస్తే ఆ కాంతి తరంగదైర్ఘ్యం, 656 నానోమీటర్లు. హైడ్రోజన్ వర్ణపటంలో ఎర్ర గీత సరిగ్గా అక్కడే ఉంది.

న్యూట్రాన్‌కి ఆవేశం లేదు, తెర మీద మెరవదు. మరి దొరికిందెలా?
– పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, అనంతపురం

అది కొట్టిన దెబ్బల్ని బట్టి దొరికింది మాస్టారూ. బెరీలియం మీద ఆల్ఫా కణాలు పడితే, సీసాన్ని కూడా దాటిపోయే ఏదో వికిరణం వస్తుందని 1930లో జర్మనీలో బోతే, బెకర్ గుర్తించారు. 1932 జనవరిలో పారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు దానికి అడ్డంగా పారఫిన్ మైనం పెడితే అందులోంచి ప్రోటాన్లు వేగంగా ఎగిరొచ్చాయి. వాళ్లు దాన్ని గామా కిరణం అనుకున్నారు.

కేంబ్రిడ్జ్‌లో చాడ్విక్‌కి ఆ జమాఖర్చు నచ్చలేదు. ప్రోటాన్ల శక్తి 5.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. బరువే లేని గామా అంత గట్టిగా తన్నాలంటే దాని శక్తి 55 మిలియన్లు ఉండాలి. పారఫిన్ తీసేసి నైట్రోజన్ వాయువు పెట్టాడు. ఎగిరిన నైట్రోజన్ శక్తిని బట్టి చూస్తే అదే గామాకి 90 మిలియన్లు కావాలి. ఒకే కిరణానికి హైడ్రోజన్ ఒక ధర, నైట్రోజన్ ఇంకో ధర చెబుతున్నాయి. పైగా బెరీలియం, ఆల్ఫా కలిస్తే వెలువడగలిగేది మహా అయితే 14 మిలియన్లు.

అదే, బరువున్న కణం అనుకుంటే చిక్కు విడిపోతుంది. ప్రోటాన్ గరిష్ఠ వేగం సెకనుకి 3.3 కోట్ల మీటర్లు, నైట్రోజన్‌ది 47 లక్షల మీటర్లు. నిష్పత్తి 7.02. సూటిగా ఢీకొన్నప్పుడు ఈ వేగాల నిష్పత్తి, (కణం బరువు + 14)ని (కణం బరువు + 1)తో భాగిస్తే వచ్చేదానికి సమానం. బరువు కోసం సాధించండి: 6.98ని 6.02తో భాగిస్తే 1.16. వేగాల కొలతలో కొద్దిపాటి పొరపాటు ఉంది కాబట్టి ఒకటి అనుకోవచ్చు. అంటే ప్రోటాన్ అంత బరువు, ఆవేశం మాత్రం సున్నా. తర్వాత బెరీలియం బదులు బోరాన్ మీద ఆల్ఫా కణాలు కొట్టించి, ఆ చర్యలో పాల్గొన్న కేంద్రకాల బరువులు, శక్తులు పద్దు రాసుకుని బరువుని 1.005కీ 1.008కీ మధ్య బిగించాడు. ఇవాళ మనం వాడేది 1.0087.